సొంత జేసీబీకి అద్దె ఎందుకు?

"సొంత బండే కదా, డీజిల్ పోస్తే చాలు." సైట్ ట్రైనింగ్‌లో నేను చాలాసార్లు విన్న మాట ఇది. దీన్ని నమ్మి టెండర్ వేస్తే పని దొరుకుతుంది గానీ, బండి పాతబడేసరికి కొత్తది కొనడానికి డబ్బుండదు. అందుకే కంపెనీ తన బండికి తానే గంటకింత అని రేటు కట్టి, ఏ పనికి వాడితే ఆ పని ఖాతాలో రాసుకుంటుంది.

లెక్క చూద్దాం, అంకెలు ఉదాహరణకే. ధర 36 లక్షలు. 6 ఏళ్ల తర్వాత అమ్మితే 12 లక్షలు వస్తాయనుకోండి. అంటే ఏడాదికి తరుగుదల 4 లక్షలు. వడ్డీ, ఇన్సూరెన్స్, ట్యాక్సులు ఇంకో 2 లక్షలు. బండి కదిలినా కదలకపోయినా ఈ 6 లక్షలు తప్పవు.

దీన్ని ఎన్ని గంటలతో భాగించాలి? అసలు చిక్కు ఇక్కడే. 1,500 అనుకుంటే గంటకు 400 రూపాయలు. వానలు, రిపేర్లు, పనిలేని రోజులు పోగా నిజంగా నడిచేది 1,000 గంటలే అయితే 600. డీజిల్, టైర్లు, రిపేర్లకు గంటకు 700 కలిపితే రేటు 1,100 కాదు, 1,300. ఆపరేటర్ జీతం వేరే. 1,100 చొప్పునే రాసుకుంటూ పోతే ఏడాది చివర 2 లక్షలు ఏ ఖాతాలోనూ పడవు!

బండి సైట్‌లో ఊరికే నిలబడినా డీజిల్ లేని ఆ 600 రాయాలనే నేనంటాను. ఉచితమైతే పక్క సైట్‌కి ఎవరు వదులుతారు? ఆ గంటల్ని కూడా భాగహారంలో కలిపితే రేటు కాస్త దిగుతుంది కూడా.

ఇంత చేశాక కూడా బయట అద్దె బండే చవకైతే, లోపం లెక్కలో కాదు. మన బండికి చాలినంత పని లేదన్నమాట.