ఋణదాత యుత్తరవాదిత్వము



నేను పుంగనూరునందును కుప్పమునందును చిరకాలము బడిపంతులుగా పనిచేసి, యిప్పుడు మదనపల్లెలో విశ్రాంతి గైకొనుచున్నవాడను. మన మెట్టసీమకు చెరువే జీవనాధారము. ఒక యూర చెరువు అలుగును రెండడుగులు ఎత్తు చేయదలచిరనుకొనుడు. దిగువ ఆయకట్టు రైతు సంతోషించును. ఎగువ రైతు చేను నీట మునుగును. ఆ పనికి అప్పిచ్చిన సాహుకారు, "నాకు రావలసినది అసలును వడ్డీయు, మునిగిన చేనితో నాకేమి పని?" యనవచ్చునా? ఇదియే నేటి ప్రసంగ విషయము.

సాహుకారు మన యూరివాడైనచో రచ్చబండకడ నిలిపి యడుగుదుము. అతడు వాషింగ్టను నగరమున నున్నచో? ప్రపంచ బ్యాంకు అట్టి ఋణదాత. మన రాష్ట్రపు చెరువుల బాగు కొఱకును అది 2007లో ఋణమిచ్చినది. పత్రముపై సంతకము చేయునది ప్రభుత్వము, తీర్చునది ప్రజలందఱు, కీడు వాటిల్లినచో అనుభవించునది కొన్ని యూళ్లవారు మాత్రమే.

నర్మదానదిపై సర్దార్ సరోవర్ పథకమునకు 1985లో ఆ బ్యాంకు 45 కోట్ల డాలర్ల ఋణమునకు ఒప్పుకొనెను. ముంపు గ్రామములవారు మొఱపెట్టగా, బ్యాంకు నియమించిన స్వతంత్ర సంఘము విచారించి, నిర్వాసితుల విషయమునను పరిసరముల విషయమునను లోపములు గలవని 1992లో తేల్చెను. మఱుసటి యేడు మన దేశ ప్రభుత్వము మిగిలిన ఋణమును వదలుకొనెను. ఆ 1993లోనే బ్యాంకు ముగ్గురు సభ్యుల తనిఖీ మండలిని ఏర్పఱచెను.

ఈ మండలి ప్రభుత్వమును విచారింపదు. బ్యాంకు తన నియమములను తాను పాటించెనా యనునదే చూచును. బాధితులు ఇద్దఱున్నను అర్జీ పెట్టవచ్చును, తెలుగుననే వ్రాయవచ్చును, పేర్లు గుప్తముగా నుంచుమని కోరవచ్చును. అయితే ముందుగా బ్యాంకు అధికారులకు తెలిపియుండవలెను. గడువు దాటిన అర్జీ చెల్లదు.

మన రాష్ట్రమునుండియు అట్టి అర్జీ వెళ్లినది. అమరావతి రాజధానికై భూములు మనసార ఇచ్చినవారు పెక్కురు. భూసమీకరణమువలన తమ జీవనోపాధికి హాని కలుగునని తలచినవారును గలరు. వీరిలో కొందఱు 2017లో ఈ మండలికి మొఱపెట్టుకొనిరి. అప్పటికి 30 కోట్ల డాలర్ల ఋణము ప్రతిపాదనలోనే యుండెను. 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వము తన యభ్యర్థనను ఉపసంహరించుకొనగా బ్యాంకు తప్పుకొనెను. మండలి పనియు నంతటితో ముగిసెను. సమీకరించిన భూములు మాత్రము వెనుకకు రాలేదు. 2024 డిసెంబరులో అదే నగరమునకు బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసెను.

దీనివలన తెలియవలసినదేమి? ఋణముతో సంబంధమున్నంతవఱకే ఆ మండలి చేయి అందును. కావున పెద్దలారా, మీ యూర ఏ పెద్దపని తలపెట్టినను, సొమ్మెవరిదని మొదటనే యడుగుడు. గ్రామసభలో అధికారి చెప్పిన మాటను, తేదిని, చేని సర్వే నంబరును కాగితముపై నుంచుడు. అలుగు ఎత్తక మునుపే ఎగువచేని రైతును పిలిచి యడుగుట న్యాయము. సొమ్ము దూరదేశమునుండి వచ్చినంత మాత్రమున ఆ న్యాయము మాఱరాదు.