విశ్రాంత జీవితానికి ఏ దేశం?

పొట్ట చేతబట్టుకుని దేశం దాటేవాడికి ఎక్కడికి వెళ్లాలన్న సందేహం ఉండదు. ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి వెళతాడు. సందేహమల్లా ఆ ఉద్యోగం అయిపోయిన తరువాతే. నేను దుబాయిలో ఒక నిర్మాణ సంస్థలో 26 సంవత్సరాలు పనిచేసి, అరవయ్యో ఏట విరమించాను. అంతకు రెండేళ్ల ముందునుంచే నన్నూ మా ఆవిడనూ ఒకే ప్రశ్న వేధించింది. ఇకమీదట ఎక్కడ ఉండాలి?

మా అమ్మాయి మెల్బోర్న్‌లో స్థిరపడింది. అబ్బాయి పుణేలో ఉన్నాడు. మా తాతగారి నాటి ఇల్లు బ్రహ్మపురంలో ఉంది. మా ఆవిడ పుట్టిల్లు సోంపేట. నాలుగు దిక్కులా నలుగురు పిలుస్తుంటే ఎటు అడుగు వేయాలో తెలియని పరిస్థితి. మన పత్రిక చదివే ఇళ్లలో ఇటువంటి ప్రశ్న ఉన్నవారు చాలామందే ఉంటారు. అందుకే మేము విచారించి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. నిర్ణయం మా ఇంటికి సరిపోయేది. లెక్కలు మాత్రం అందరికీ పనికివస్తాయని నా ఆశ.

రంగం నేర్పిన పాఠం

మా గంజాం వైపు పెద్దవాళ్లు రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగం వెళ్లి, నాలుగు డబ్బులు సంపాదించి, అక్కడే ఇళ్లూ దుకాణాలూ ఏర్పరచుకున్న తెలుగువారు వేలల్లో ఉండేవారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుకున్నప్పుడు వారిలో ఎందరో కట్టుబట్టలతో కొండలూ అడవులూ దాటి కాలినడకన దేశం చేరుకున్నారు. దారిలోనే పోయినవారూ ఎందరో. మిగిలినవారిలో చాలామంది 1964లో సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు వచ్చేశారు. ఆ తరువాత 1990 ఆగస్టులో ఇరాక్ సేన కువైట్‌లోకి వచ్చినప్పుడు లక్షా డెబ్బై వేలమంది భారతీయులను విమానాలలో తీసుకురావలసి వచ్చింది.

ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక దేశం మనల్ని ఉండనివ్వడం వేరు, అక్కడ ఉండే హక్కు మనకు ఉండడం వేరు. ఉద్యోగం చేసే వయసులో ఈ తేడా మన దృష్టికి రాదు. అరవై దాటాక అదే ముఖ్యమైపోతుంది. ఏ దేశం గురించి విచారించినా మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే: అక్కడి అనుమతి ఎన్నాళ్లు? దానిని తిరిగి ఇవ్వకపోతే మనం ఎక్కడికి పోతాము?

దుబాయిలోనే ఉండిపోతే

గల్ఫ్‌లో విదేశీ ఉద్యోగికి పెన్షన్ ఉండదు. విరమించేనాడు గ్రాట్యుటీ ఇస్తారు. ఎమిరేట్స్ చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులది. మొత్తం రెండేళ్ల జీతానికి మించదు. ఉద్యోగంతోపాటు నివాస అనుమతీ పోతుంది.

ఇప్పుడు అక్కడ 55 ఏళ్లు దాటినవారికి అయిదేళ్ల విశ్రాంత వీసా ఒకటి ఉంది. పది లక్షల దిర్హాముల ఆస్తి గాని, అంతే పొదుపు గాని ఉండాలి. లేదా నెలకు దుబాయి వారికైతే 15 వేల దిర్హాముల ఆదాయం చూపాలి. పది లక్షల దిర్హాములంటే మన లెక్కలో రెండు కోట్ల ముప్ఫై లక్షలకు పైమాటే. ఆరోగ్య బీమా సొంత ఖర్చు. వయసు పెరిగేకొద్దీ దాని ప్రీమియం మన పొదుపుకంటే వేగంగా పెరుగుతుంది. మా స్నేహితులు కొందరు ఈ వీసా తీసుకుని సుఖంగానే ఉన్నారు. వాళ్ల పిల్లల ఉద్యోగాలు కూడా అక్కడే. మాకు అక్కడ ఉద్యోగం తప్ప వేరే బంధం లేదు.

మలేషియా, మారిషస్

చవకగా ఉంటుంది, వాతావరణం మనదే, ఇడ్లీ దోసె దొరుకుతాయి అని ఒక మిత్రుడు మలేషియా మాట చెప్పాడు. రబ్బరు, కొబ్బరి తోటల కాలంనుంచీ పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతో వైపు తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడి ప్రభుత్వం ‘మలేషియా నా రెండవ ఇల్లు’ అనే పథకం నడుపుతోంది. 2024లో దానిని మూడు తరగతులుగా మార్చారు. అన్నిటికంటే తక్కువదైన సిల్వర్ తరగతికి లక్షా యాభై వేల అమెరికన్ డాలర్ల డిపాజిట్, ఆరు లక్షల రింగిట్ల ఇల్లు కావాలి. అనుమతి అయిదేళ్లు. కొన్న ఇంటిని పదేళ్లదాకా అమ్మకూడదు. అయిదేళ్ల అనుమతికి పదేళ్ల ఇల్లు! ఈ లెక్క నాకు రుచించలేదు.

థాయిలాండ్‌లో 50 ఏళ్లు నిండినవారు ఎనిమిది లక్షల భాట్‌ల నిల్వ గాని, నెలకు 65 వేల భాట్‌ల ఆదాయం గాని చూపితే ఏడాదికోసారి అనుమతి పొడిగిస్తారు. విదేశీయుడు అపార్ట్‌మెంటు కొనవచ్చుగాని, భూమి తన పేర కొనడం కుదరదు.

మనసు కాస్త లాగింది మారిషస్. యానాం పక్కనున్న కోరంగి రేవునుంచి చెరకు తోటలకు వెళ్లినవారి సంతతి అక్కడ ఉంది. అందుకే అక్కడ తెలుగువారిని ఒకప్పుడు ‘కోరంగీలు’ అనేవారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. 50 ఏళ్లు దాటిన విదేశీయులకు, నెలనెలా నిర్ణీతమైన డాలర్లు తెప్పించుకునే షరతుమీద, పదేళ్ల నివాస అనుమతి ఇస్తారు. మా ఆవిడ అంతా విని, ‘‘ఉగాది సెలవైతే బాగుందండీ, మరి మిగతా 364 రోజులూ ఎవరితో మాట్లాడతాం?’’ అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

పిల్లల దగ్గర

‘‘అన్ని దేశాలూ ఎందుకు నాన్నా, మా దగ్గరికి వచ్చేయండి’’ అని అమ్మాయి పట్టుబట్టింది. ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల శాశ్వత వీసాకు మొదటి షరతు, సంతానంలో కనీసం సగం మంది అక్కడ స్థిరపడి ఉండాలి. మాకు ఇద్దరు, ఒకరు అక్కడ. అంతవరకు సరిపోయింది. మామూలు దరఖాస్తు పెడితే వంతు రావడానికి సుమారు 30 ఏళ్లు. సొమ్ము ఎక్కువ కట్టే రకానికి ఒక్కొక్కరికి 40 వేల ఆస్ట్రేలియా డాలర్లకు పైన ఖర్చు. దానికీ పదేళ్లకు మించి నిరీక్షణ. తాత్కాలిక వీసా ఒకటి 2019నుంచి ఉంది. మూడేళ్లకు గాని అయిదేళ్లకు గాని ఇస్తారు. అంతా కలిపి పదేళ్లకు మించి ఉండనివ్వరు. ఉద్యోగం చేయకూడదు. వైద్య బీమా మనదే.

అమెరికాలో పిల్లలున్న మిత్రులకోసం అదీ విచారించాను. పౌరసత్వం వచ్చిన పిల్లలు తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తెప్పించడానికి సంఖ్యా పరిమితి లేదు. అయితే 65 ఏళ్లు దాటి వెళ్లినవారు, అక్కడ పనిచేసిన చరిత్ర లేనప్పుడు, అయిదేళ్లు నివసించాకే మెడికేర్‌ను ప్రీమియం కట్టి కొనుక్కోగలరు. ఆ మెడికేర్ ఇండియాలో చేయించుకున్న వైద్యానికి పనికిరాదు. కార్డు తీసుకుని ఇక్కడ ఏడాదికి పైగా ఉండిపోతే కార్డే ప్రమాదంలో పడుతుంది. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయినా కాగితాలమీద చూసి తేల్చలేమని, మెల్బోర్న్‌లో మూడు నెలలు ఉండి చూశాము. కావాలనే జూన్‌లో వెళ్లాము, అక్కడ అది చలికాలం. ఏ ఊరినైనా దాని చెడ్డ రుతువులో చూడాలని నా అభిప్రాయం. సాయంత్రం అయిదుంపావుకల్లా చీకటి. అమ్మాయీ అల్లుడూ ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. మనవరాలు వచ్చీరాని తెలుగులో ‘అమ్మమ్మా, కథ’ అంటే మా ఆవిడ ముఖం వెలిగిపోయేది. పొద్దుటినుంచీ ఆ ఒక్క గంటకోసం కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసేది.

ఆమెకు పదేళ్లుగా చక్కెర వ్యాధి. ఒకరోజు కాలు బాధపెడితే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాము. ఆయన చాలా మర్యాదస్తుడు, ఓపికగా అడిగాడు. సలుపా, పోటా, తీపా, మంటా, తిమ్మిరా? ఇవన్నీ మన భాషలో వేరువేరు బాధలు. మా అమ్మాయి అన్నిటికీ కలిపి ‘పెయిన్’ అని చెప్పింది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఆ రాత్రి మా ఆవిడ, ‘‘ఏమండీ, నా బాధ నేనే చెప్పుకోగలిగే చోట ఉందాం’’ అంది. మా నిర్ణయంలో సగం ఆ మాటతోనే అయిపోయింది.

స్వదేశమంటే ఏ ఊరు?

ఇండియాకే అని తేలాక, ఇండియాలో ఎక్కడ? ఇతర ప్రాంతాలవారికి ఈ ప్రశ్న ఉండకపోవచ్చు. మనకు ఉంటుంది. బెంగుళూరులో, మద్రాసులో, షోలాపూరులో, యానాంలో తరతరాలుగా ఉన్న తెలుగువారికి స్వస్థలం వేరు, భాషా రాష్ట్రం వేరు. మా బ్రహ్మపురం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసింది. అటు వెళితే మేము తెలుగువాళ్లం, ఇటు వస్తే ‘ఒరిస్సా వాళ్లు’.

బంధువులు హైదరాబాదు అన్నారు, విశాఖ అన్నారు. పెద్ద ఆసుపత్రులు, విమానాశ్రయం, తెలుగు సభలు, అన్నీ ఉన్నమాట నిజమే. కాని అక్కడ మాకు భాష తెలిసినవారు ఉంటారు, మమ్మల్ని తెలిసినవారు ఉండరు. బ్రహ్మపురంలో పట్టుచీరల వీధిలోకి వెళితే ఇప్పటికీ, ‘‘ఫలానావారి మనవడివి కదూ బాబూ’’ అని పలకరిస్తారు. కూరగాయలమ్మి తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుతుంది. డాక్టరుకు ‘సలుపు’ అంటే అర్థమవుతుంది.

లోపాలూ చెప్పాలి. ఎమ్.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి 1962నుంచి ఊళ్లోనే ఉన్నా, పెద్ద జబ్బు చేస్తే 170 కిలోమీటర్ల దూరంలోని భువనేశ్వరానికో, సుమారు 275 కిలోమీటర్ల దూరంలోని విశాఖకో పరుగెత్తాలి. అబ్బాయి పుణేనుంచి రావడానికి ఒక రోజు పైనే పడుతుంది. చిన్ననాటి స్నేహితులలో సగం మంది లేరు. మనవరాలు ఫోనులోనే పెరుగుతోంది. ఇది తేలికైన సంగతి కాదు. వీడియోలో ముఖం కనిపిస్తుంది, చేతికి మాత్రం అందదు. ఏడాదికి ఒకసారి మేము వెళ్లడం, ఒకసారి వాళ్లు రావడం అని ఒప్పందం చేసుకున్నాము. మేము వచ్చి రెండేళ్లు దాటింది. ఇంతవరకు ఒప్పందం తప్పలేదు.

తిరిగి వచ్చేవారు చూసుకోవలసినవి

మొదటిది బ్యాంకు. శాశ్వతంగా వచ్చేశాక ఎన్.ఆర్.ఇ. ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. దానిపై వడ్డీకి ఇక పన్ను మినహాయింపు ఉండదు. విదేశీ నగదును ఆర్.ఎఫ్.సి. ఖాతాలో ఉంచుకోవచ్చు. ప్రవాసిగా ఉండగా అక్కడ సంపాదించిన ఆస్తిని తిరిగి వచ్చాక కూడా ఉంచుకోవడానికి ఫెమా చట్టం ఒప్పుకుంటుంది.

రెండవది పన్ను. గడచిన పది సంవత్సరాలలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవారికి గాని, గడచిన ఏడేళ్లలో మొత్తం 729 రోజులకు మించి దేశంలో లేనివారికి గాని, వచ్చిన తొలి రెండు మూడేళ్లు విదేశీ ఆదాయంపై సాధారణంగా ఇక్కడ పన్ను పడదు. వచ్చే తేదీ ఏ ఆర్థిక సంవత్సరంలో పడుతుందో ఆడిటరుతో ముందే మాట్లాడుకోవాలి.

మూడవది ఆరోగ్య బీమా. పాత జబ్బులకు మూడేళ్లవరకు నిరీక్షణ పెట్టే హక్కు బీమా సంస్థలకు ఉంది. కనుక రాకముందే పాలసీ తీసుకుంటే ఆ గడువు అక్కడ ఉండగానే గడిచిపోతుంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అయిదు లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో వచ్చింది.

నాలుగవది, పరదేశ పౌరసత్వం తీసుకున్నవారికి. మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు. ఓ.సి.ఐ. కార్డుతో జీవితాంతం ఉండవచ్చుగాని ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు.

అయిదవది ఇల్లు. తాతల నాటి ఇంటికి వాటాదారులు ఉంటారు. పంపకాలు, రిజిస్ట్రేషను, వీలునామా అన్నీ ఒంట్లో ఓపిక ఉండగానే తేల్చుకోవాలి. మా తమ్ముడూ నేనూ నేను రాకముందే కూర్చుని కాగితాలు రాసుకున్నాము. ఇప్పుడు ఒకే గోడకు ఇరువైపులా కలిసిమెలిసి ఉంటున్నాము.

చివరగా ఒక మాట. ఈ నిర్ణయం మగవాడి పదవీ విరమణ గురించి అనుకుంటాము. నిజానికి ఇద్దరిలో ఒకరు ముందు వెళ్లిపోతారు. మిగిలినవారు ఒంటరిగా బజారుకు వెళ్లి, బ్యాంకుకు వెళ్లి, డాక్టరు దగ్గరికి వెళ్లి, పక్కింటివారితో నాలుగు మాటలు ఆడగలిగే ఊరు ఏది? భార్యాభర్తలిద్దరూ వేరువేరు కాగితాలమీద జవాబు రాసుకుని, తరువాత కలిపి చూసుకోండి. మేము అలాగే చేశాము. నేను రెండు ఊళ్లు రాశాను. మా ఆవిడ ఒక్కటే రాసింది.