పెరటి సాల్వియాకు విత్తే వేళే కీలకం

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. అక్కడి మలంచా వంటి ప్రాంతాల పెరటి తోటలకు అనువైన చలికాలపు పూలమొక్క సాల్వియా. అయితే ఇక్కడ చలి కొద్ది నెలలే ఉంటుంది. విత్తే అదను తప్పితే ఆ ఏడాది పూత చాలావరకు చేజారినట్లే.

సాల్వియా తులసి కుటుంబానికి చెందినది. తులసి మాదిరిగానే దీని కాండం నాలుగు పలకలుగా ఉంటుంది. ఎర్రపూల రకానికి పుట్టిల్లు బ్రెజిల్. నీలిపూల రకానికి మెక్సికో, టెక్సాస్ ప్రాంతాలు. ఎర్ర రకంలో పువ్వు రాలిన తర్వాత కూడా దాని రక్షక పత్రాలు కొన్నాళ్లు ఎర్రగానే నిలుస్తాయి.

వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు విత్తనాలు చల్లాలి. ముందే చల్లితే అధిక తేమకు నారు కుళ్లుతుంది. ఆలస్యమైతే పూత ఊపందుకునేలోపే ఎండలు ముదురుతాయి. ఈ విత్తనం మొలకెత్తడానికి వెలుతురు తోడ్పడుతుంది; కాబట్టి మట్టితో లోతుగా కప్పరాదు. నాలుగు నుంచి ఆరు ఆకులు వచ్చాక నారును 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. మొక్క నిలదొక్కుకున్నాక కొసను తుంచితే పక్క కొమ్మలు వచ్చి గుబురుగా పెరుగుతుంది.

ఈ ప్రాంతపు ఎర్ర లేటరైట్ నేలలో సేంద్రియ పదార్థం తక్కువ, ఎండితే గట్టిపడుతుంది. అందువల్ల బాగా చివికిన పశువుల ఎరువు కలిపి మడిని కాస్త ఎత్తుగా చేయాలి. నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. వాడిన పూగుత్తులను ఎప్పటికప్పుడు కత్తిరిస్తే కొత్త పూత వస్తుంది.