పసిబిడ్డ ఏడుపే లేదా? బుద్ధిమంతుడని మురిసిపోవద్దు.. 42 రోజులు ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూసేది ఇదే!

ఆస్పత్రిలో కాన్పు బాగానే అయింది. రెండు మూడు రోజులకు తల్లీబిడ్డ ఇంటికి వచ్చేశారు. నాలుగో రోజో, ఐదో రోజో బిడ్డ పొద్దుటి నుంచి నిద్రపోతూనే ఉన్నాడు. పాల కోసం లేవట్లేదు, ఏడవట్లేదు. "ఎంత బుద్ధిమంతుడో చూడండి, ఏడుపే లేదు" అని ఇంట్లో అందరూ మురిసిపోతారు. కానీ డాక్టర్లు భయపడేది సరిగ్గా ఇలాంటి బిడ్డ గురించే.

పెద్దవాళ్లకు ఒంట్లో బాగోకపోతే చెప్పుకుంటారు. నెలలోపు బిడ్డకు ఇన్‌ఫెక్షన్ సోకితే ఒక్కోసారి జ్వరం కూడా రాదు. ఒళ్లు చల్లబడుతుంది, పాలు తాగడం తగ్గుతుంది, మెత్తబడిపోతుంది. చూసేవాళ్లకు అది నిద్రలాగే ఉంటుంది. ఆ తేడా పట్టుకోవడానికే ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతుంది. ఆమె ఏ రోజుల్లో రావాలి? వచ్చి ఏం చూడాలి? ఇంట్లో వాళ్లు ఏం తెలుసుకోవాలి? ఆ వివరాలు ఇవీ..

గండం ఇంటికొచ్చాకే ఎందుకు?

2020 ఎస్‌ఆర్‌ఎస్ లెక్కల ప్రకారం దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 20 మంది 28 రోజులు నిండకుండానే చనిపోతున్నారు. పట్టణాల్లో ఈ సంఖ్య 12 అయితే, పల్లెల్లో 23. దాదాపు రెట్టింపు అన్నమాట.

నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా ఉండటం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్‌ఫెక్షన్లు.. ప్రధాన కారణాలు ఇవే. వీటిలో కొన్ని కాన్పు టైంలోనే తెలిసిపోతాయి. ఇన్‌ఫెక్షన్, ఒళ్లు చల్లబడటం, పాలు చాలకపోవడం లాంటివి మాత్రం ఇంటికొచ్చాకే బయటపడొచ్చు. నార్మల్ డెలివరీ అయితే 48 గంటల తర్వాత ఇంటికి పంపించేస్తారు. ఆ తర్వాత బిడ్డను చూసే డాక్టరు గానీ నర్సు గానీ పక్కన ఉండరు.

గడ్చిరోలి నేర్పిన పాఠం

ఈ ఆలోచన మనకు దగ్గర్లోనే పుట్టింది. తెలంగాణ సరిహద్దుకు అవతల ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 'సెర్చ్' సంస్థ తరఫున పనిచేశారు. ఆస్పత్రి అందుబాటులో లేని 39 ఊళ్లలో, అదే ఊరి ఆడవాళ్లకు పసిబిడ్డల సంరక్షణలో శిక్షణ ఇచ్చారు. బరువు తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఇన్‌ఫెక్షన్ గుర్తించడం, అవసరమైతే ఇంజెక్షన్ ఇవ్వడం కూడా నేర్పారు.

ఫలితాలు 1999లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. శిక్షణ లేని ఊళ్లతో పోలిస్తే అక్కడ నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గాయి. 2011లో కేంద్రం ఇదే బాటలో దేశమంతటా ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం మొదలుపెట్టి, బాధ్యత ఆశాలకు అప్పగించింది. అయితే ఇక్కడ ఆశా పని ప్రధానంగా ప్రమాదాన్ని గుర్తించడం, ఆస్పత్రికి పంపించడం.

ఏ రోజుల్లో రావాలి?

ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ కోసం ఆశా 6 సార్లు రావాలి.. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజు కూడా కలిపి 7 సార్లు. సిజేరియన్ అయి తల్లి ఆస్పత్రిలోనే ఉండిపోతే 7వ రోజు నుంచి లెక్క మొదలవుతుంది.

పుట్టిన రోజునే ఒకటో రోజుగా లెక్కపెట్టాలి. ఉదాహరణకు జూన్ 1న బిడ్డ పుడితే జూన్ 3, 7, 14, 21, 28 తేదీల్లో, చివరగా జూలై 12న రావాలి.

వచ్చి ఏం చూస్తుంది?

*బరువు:* పుట్టినప్పుడు రెండున్నర కిలోలు ఉండాలి. మొదటి కొన్ని రోజుల్లో కొంచెం తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా మళ్లీ పుంజుకోవాలి. 1800 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను ఆస్పత్రిలోని ప్రత్యేక విభాగంలో చూడాల్సి ఉంటుంది.

*ఒంటి వేడి:* థర్మామీటర్‌లో 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. ఎక్కువైనా, తక్కువైనా జాగ్రత్త పడాల్సిందే. థర్మామీటర్ లేకపోయినా ఒక ఉపాయం ఉంది. చెయ్యి వెనక భాగాన్ని బిడ్డ పొట్ట మీద, తర్వాత పాదాల మీద పెట్టి చూడాలి. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి పట్టినట్టు. రెండూ చల్లగా ఉంటే ప్రమాదం.

*ఊపిరి:* బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు వాచీ పెట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెడతారు. 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఇంకోసారి లెక్కపెడతారు. మళ్లీ అంతే ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

*పాలు, బొడ్డు, చర్మం:* బిడ్డ రొమ్ము సరిగా పట్టుకుంటోందా, రోజుకు కనీసం 8 సార్లు తాగుతోందా అని అడుగుతారు. బొడ్డు చుట్టూ ఎర్రగా ఉందా, చీము వస్తోందా, ఒంటి మీద చీము పొక్కులు ఉన్నాయా చూస్తారు.

*తల్లి కూడా:* గంటకో గుడ్డ తడిసేంత రక్తస్రావం, జ్వరం, దుర్వాసన, విపరీతమైన తలనొప్పి, ఫిట్స్.. వీటిలో ఏది ఉన్నా బాలింతను వెంటనే ఆస్పత్రికి పంపాలి.

పెద్దవాళ్లతో చిక్కు

ఆశాకు కష్టమైన పని తూకం కాదు, ఇంట్లో పెద్దావిడను ఒప్పించడం. బొడ్డుకు నూనె, పసుపు, బూడిద రాయడం.. నాలుకకు తేనె నాకించడం, వస రాయడం.. కళ్లకు కాటుక.. గదినిండా సాంబ్రాణి పొగ. ఇవన్నీ ప్రేమతో చేసేవే. కానీ బొడ్డుకు ఏదీ రాయకుండా పొడిగా ఉంచితే చాలు, అదే రాలిపోతుంది. ముర్రుపాలు పిండి పారబోయకూడదు, బిడ్డకు అందే మొదటి రక్షణ అదే. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప తేనె, చక్కెర నీళ్లు, మంచినీళ్లు ఏవీ వద్దు.

స్నానం విషయంలోనూ తొందర పనికిరాదు. పుట్టాక కనీసం 24 గంటలు ఆగాలి. బరువు తక్కువ బిడ్డకైతే ఇంకొన్ని రోజులు తుడిస్తే చాలు. అలాంటి బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పాలి. దీన్నే కంగారూ సంరక్షణ అంటారు. తండ్రి అయినా, అమ్మమ్మ అయినా ఇలా పెట్టుకోవచ్చు.

పుట్టింటికి వెళ్తే?

అసలు తేడా వచ్చేది ఇక్కడే. గర్భిణిగా పేరు రాయించుకునేది అత్తగారి ఊళ్లో. మొదటి కాన్పుకు వెళ్లేది పుట్టింటికి. ఇక్కడి ఆశా "వాళ్లు ఊళ్లో లేరు" అనుకుంటుంది. అక్కడి ఆశాకు కాన్పు అయినట్టే తెలియదు. మధ్యలో బిడ్డను చూసేవాళ్లే ఉండరు.

కాబట్టి ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్లేటప్పుడే రెండు ఊళ్ల ఆశాలకూ చెప్పాలి. మాతా శిశు సంరక్షణ కార్డు వెంట తీసుకెళ్లాలి. బిడ్డ పుట్టిన రోజే అక్కడి ఆశాకు ఒక్క ఫోన్ చేస్తే చాలు.

ఒక్కో విజిట్‌కు రూ.42

జాతీయ మార్గదర్శకాల ప్రకారం విజిట్లన్నీ పూర్తి చేస్తే ఆశాకు వచ్చే ప్రోత్సాహకం రూ.250. ఆరు సార్లకు పంచితే ఒక్కోసారికి సుమారు రూ.42. అదీ బిడ్డ బరువు కార్డులో రాయడం, టీకాలు వేయించడం, జనన నమోదు లాంటి షరతులతో. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలను గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డుతో గౌరవించింది. ఊళ్లో మాత్రం కొన్ని ఇళ్లలో "పురుడు ఇంకా పోలేదు, లోపలికి రావద్దు" అని వాకిట్లోనే ఆపేస్తుంటారు. ఆమె చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి వస్తే బిడ్డకు మేలే తప్ప కీడు లేదు.

ఇవి కనిపిస్తే ఆశా కోసం ఆగొద్దు

- పాలు తాగడం మానేసినా, బాగా తగ్గించినా
- లేపినా లేవకుండా మెత్తగా పడి ఉన్నా
- ఫిట్స్ వచ్చినా
- ఊపిరి వేగంగా ఉన్నా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా
- ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా
- మొదటి రోజే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్లు పచ్చగా కనిపించినా. ఎండలో పెడితే పోతుందని కూర్చోవద్దు
- బొడ్డు నుంచి చీము, రక్తం వచ్చినా

వెంటనే 108కి ఫోన్ చేయాలి. దారిలో బిడ్డను తల్లి ఒంటికి హత్తుకునే తీసుకెళ్లాలి. తాగగలిగితే పాలు పట్టాలి. ఏడాదిలోపు పిల్లలకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో వైద్యం, ప్రయాణం ఉచితం.

42వ రోజుతో ఆశా రాక ఆగిపోదు. 2018లో మొదలైన మరో కార్యక్రమం కింద 3, 6, 9, 12, 15 నెలలకు కూడా రావాలి. కానీ అన్నిటికంటే నాజూకైనవి మొదటి రోజులే. ఇంట్లో బిడ్డ పుడితే ఆ ఆరు తేదీలూ క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. ఆ రోజు ఆశా రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి. అలా అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు, అది బిడ్డ హక్కు.