ఎండుటాకు చెప్పిన సాక్ష్యం

ఐర్లండ్ చిన్న దేశం. అక్కడి పేదోళ్లకు ఆలుగడ్డే అన్నం. 1845లో ఆ పంటకు తెగులు తగిలింది. ఆకులు నల్లబడ్డాయి. గడ్డలు కుళ్ళిపోయాయి. ఏళ్ల తరబడి కరువు. సుమారు పది లక్షల మంది చనిపోయారు.

ఎందుకిలా జరిగింది? కంటికి కనపడని బూజులాంటి జీవి వల్ల.

అప్పుడు కొందరు ఏం చేశారు? తెగులు పట్టిన ఆకులను ఎండబెట్టారు. ఏ ఊరిది, ఎప్పటిది అని పక్కనే రాశారు. లండన్‌లోని క్యూ తోటలో అలాంటివి భద్రంగా ఉన్నాయి.

2013లో శాస్త్రవేత్తలు ఆ ఆకులను పరీక్షించారు. కరువు తెచ్చింది అంతకుముందు అనుకున్న రకం కాదు, వేరే రకమని తేలింది.

రాత లేకపోతే అది ఉత్త ఎండుటాకే. రాత ఉంది కాబట్టి సాక్ష్యమైంది.

మన చేలో తెగులు కనపడిందా? ఆకు తెంపి కాగితంలో పెడదాం. ఊరు, పంట, తేదీ రాద్దాం. వ్యవసాయాధికారికి చూపిద్దాం.