పాత కారు ఫైర్‌వాల్‌కు చిల్లులు: మూసే పద్ధతిపైనే ప్రయాణికుల భద్రత

అంబాసిడర్, మారుతి 800 కార్ల ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు ముందే కనుమరుగైంది. వీటిని పునరుద్ధరించేవారు ఇంజిన్‌ను బయటికి దించాక, దాని వెనుకనున్న ఉక్కు రేకుపై అవసరం లేని చిల్లులు అనేకం కనిపించడం సాధారణం. పుట్టీతో పూడ్చి రంగు వేస్తే అవి కంటికి కనిపించవు కానీ, ప్రమాదం మాత్రం తొలగిపోదు.

ఫైర్‌వాల్ అంటే?

ఇంజిన్ గదికి, ప్రయాణికులు కూర్చునే భాగానికి మధ్య ఉండే ఉక్కు గోడే ఫైర్‌వాల్. మంటలను, వేడిని, పొగను, నీటిని, శబ్దాన్ని అడ్డుకోవడం దీని పని. కంప్యూటర్ రంగం ఈ పేరును ఇలాంటి అడ్డుగోడల నుంచే అరువు తెచ్చుకుంది.

చిల్లులు ఎలా వచ్చాయి?

ఏసీ లేకుండా వచ్చిన కార్లకు తరువాత ఏసీ బిగించినప్పుడు గొట్టాల కోసం రంధ్రాలు చేశారు. గ్యాస్ కిట్, మ్యూజిక్ సిస్టమ్, అదనపు హారన్ల తీగల కోసం మరికొన్ని వేశారు. ఆ పరికరాలను తొలగించినా రంధ్రాలు మిగిలిపోయాయి. అడుగున నీరు నిలిచి తుప్పు తిన్న చోట్ల ఏర్పడినవి వీటికి అదనం.

ముప్పు ఏమిటి?

ఎగ్జాస్ట్ లీకైతే కార్బన్ మోనాక్సైడ్ ఈ రంధ్రాల గుండా లోపలికి చేరగలదు. రంగు, వాసన లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా బంధం ఏర్పరచుకుంటుంది. ఇంజిన్ గదిలో మంటలు రేగితే, ప్రయాణికులు బయటపడేందుకు దొరికే వ్యవధిని తెరిచి ఉన్న రంధ్రాలు తగ్గిస్తాయి. రబ్బరు గ్రోమెట్ లేని రంధ్రంలో రేకు అంచు తీగ తొడుగును కోసి షార్ట్ సర్క్యూట్‌కు దారితీయవచ్చు.

ఏవి మూయకూడదు?

ప్రతి రంధ్రమూ అనవసరమైనది కాదు. స్టీరింగ్, పెడళ్లు, కేబుళ్లు, హీటర్ గొట్టాల మార్గాలను, నీరు బయటికి పోయే డ్రెయిన్లను అలాగే ఉంచాలి. తయారీ సంస్థ వేసినవేవో, తరువాత వేసినవేవో అదే మోడల్‌కు చెందిన మరో కారుతో పోల్చి గుర్తు పెట్టుకోవాలి.

ఎలా మూయాలి?

శాశ్వత పరిష్కారం వెల్డింగ్. కొన్ని మిల్లీమీటర్ల రంధ్రానికి వెనుక రాగి పలకను ఆనించి నేరుగా వెల్డ్ చేయవచ్చు. ఉక్కు వెల్డ్ రాగికి అంటుకోదు. పైగా రాగి వేడిని లాగేసుకుంటుంది. పెద్ద రంధ్రానికి తుప్పును పూర్తిగా కోసివేసి, అదే మందం గల ఉక్కు ముక్కను అతికినట్లు సరిపోయేలా కత్తిరించి అమర్చాలి. రేకు పలుచన కాబట్టి ఒకేసారి చుట్టూ వెల్డ్ చేస్తే వంకరపోతుంది. ఎదురెదురుగా చుక్కలు పెడుతూ, ప్రతిసారీ చల్లారనిస్తూ అంచును పూర్తిచేయాలి. వేడిని ఎక్కువ మేర వ్యాపింపజేసే గ్యాస్ వెల్డింగ్ కంటే మిగ్ వెల్డింగ్ ఇందుకు అనువైనది. జింకు పూత ఉన్న రేకును వెల్డ్ చేస్తే వెలువడే పొగ జ్వరం కలిగించగలదు కనుక పూత లేని ఉక్కునే ఎంచుకోవాలి.

అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది, ఉక్కుకు దాదాపు 1,500 డిగ్రీలు కావాలి. అందువల్ల రివెట్లతో బిగించిన అల్యూమినియం ముక్క అసలు గోడకు సాటి రాదు. ఫైబర్‌గ్లాస్, పుట్టీల నిలకడ మరింత తక్కువ. మున్ముందు తీగకు అవసరమయ్యే రంధ్రాన్ని మాత్రం తగిన గ్రోమెట్‌తో ఉంచుకోవచ్చు.

పనికి ముందు బ్యాటరీ కనెక్షన్ తీసివేయాలి. పెట్రోలు గొట్టాలను, తీగలను, డాష్‌బోర్డు వెనుకనున్న ఇన్సులేషన్‌ను, కార్పెట్‌ను తొలగించాలి. నిప్పురవ్వలు గోడకు అవతల పడతాయి కాబట్టి అక్కడ మరొకరు అగ్నిమాపక సిలిండర్‌తో నిలబడటం తప్పనిసరి. వెల్డింగ్ తరువాత రెండు వైపులా ప్రైమర్, అతుకులపై సీమ్ సీలర్, ఆపై రంగు వేయాలి.

చట్టం మాటేమిటి?

కొన్ని కార్లలో ఛాసిస్ నంబరు లేదా దాని పలక ఫైర్‌వాల్‌పైనే ఉంటుంది. దానిని కోయడం, రంగుతో కప్పివేయడం రిజిస్ట్రేషన్‌లో చిక్కులు తెస్తుంది. 2021 జూలైలో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన వాహనం వింటేజ్ గుర్తింపు పొందాలంటే మూల రూపం గణనీయంగా మారకుండా ఉండాలి. అందుకే మరమ్మతుకు ముందు, తరువాత తీసిన ఫొటోలను భద్రపరచుకోవడం మేలు.

చివరి పరీక్ష

చీకటి పడ్డాక ఇంజిన్ వైపు బల్బు వెలిగించి, లోపలి నుంచి డాష్‌బోర్డు కింద పరిశీలించాలి. ముందు అద్దం అడుగున నీరు పోసి కూడా చూడాలి. వెలుతురు గానీ తడి గానీ లోపలికి వస్తే ఇంకా ఎక్కడో దారి తెరిచి ఉన్నట్టే. దానిని మూసిన తరువాతే ఇన్సులేషన్‌ను, కార్పెట్‌ను తిరిగి అమర్చాలి.