మోటారు స్కూటరు ట్యాంకున నిజముగా నెంత పట్టును?

మోటారు స్కూటరు కొనువారికి బండితోపాటు ఒక చిన్న పుస్తకము నిత్తురు. బండి బరువు, చక్రములలో నుంచవలసిన గాలి మొదలగు వాని నడుమ పెట్రోలు ట్యాంకు పరిమాణమును దెలుపు సంఖ్య యొకటి అందుండును. ఆ పుస్తకమును సీటు క్రింది పెట్టెలో భద్రపఱచువారే గాని తెఱచి చదువువా రరుదు. మేమును అట్టివారమే. గత వేసవిలో నొక సాయంకాలము, ముల్లు ఎఱ్ఱగీత క్రిందికి దిగిన బండిని పెట్రోలు బంకునకు దీసికొనిపోయి, ట్యాంకు నిండ బోయించి, చీటీ చేత బుచ్చుకొంటిమి. చీటీలో 5.62 లీటర్లని యున్నది. ప్రక్కనున్న మిత్రుడు దానిని జూచి, "మీ బండిలో నంత పట్టదండీ" యనెను. వెంటనే పుస్తకము దీసి చూచితిమి. 5.3 లీటర్లు.

చెంబులో పట్టినదానికంటె నెక్కువ నీరు చెంబులో బోయుట యెవరి తరము? కావున మోసము జరిగినదని మేమప్పుడే తీర్మానించుకొంటిమి. పెట్రోలు పోసిన కుఱ్ఱవాడు కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాలలోనే చదివినవాడు. "కొల డబ్బా తెస్తాను మాస్టారూ, మీరే పట్టి చూడండి" అని వాడు రెండు మాఱులు బ్రతిమాలుకొనెను. మేము నిలువలేదు. బంకు అధికారితో ఫిర్యాదు చెప్పి, వ్రాసియు నిచ్చి, యింటికి బోతిమి. మఱునాడు వానిని పనిలోనికి రావలదనిరని తెలిసినది.

మఱునాటి యుదయము తొమ్మిదవ తరగతి పిల్లల కీ సంగతి యొక లెక్కగా జెప్పితిమి. వెనుక బల్లపై నొకడు లేచి, "ట్యాంకులో అంతే పడుతుందని ఎవరు కొలిచారండీ?" అని యడిగెను. మా యొద్ద జవాబు లేకపోయెను.

అంత మొదట బంకునకే పోయితిమి. ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రను ప్రతి బంకునందు నుంచవలెననియు, కొనువా రెవరడిగినను దానితో కొలిచి చూపవలెననియు మన దేశమున నియమము కలదు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు హెచ్చుతగ్గులు చట్టము సహించును. కొలిపించి చూడగా పెట్రోలు గీతకు సరిగా వచ్చినది. మా చీటీకిని పుస్తకమునకును గల భేదము 320 మిల్లీలీటర్లు. యంత్రము అంత తప్పుగా పోయునదైనచో కొలపాత్రలో దాగియుండదు. ఇక శేషించినది ట్యాంకే.

మా బండి ట్యాంకు నూడదీయుటకు ధైర్యము చాలలేదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పల్లములందు చేరి నిలుచును. అందుచేత ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె నపాయకరము. నిండినదానిలో ఆవిరికి తావు తక్కువ, ఖాళీదానిలో ఆవిరియు గాలియు గలిసి నిప్పురవ్వకై కాచుకొనియుండును. మేమెఱిగిన మెకానిక్కు యొద్ద మా బండివంటిదే, ప్రమాదమున నలిగి విప్పివేసిన బండి ట్యాంకొకటి చెక్కుచెదరక పడియుండెను. అతడే దానిని పలుమాఱులు కడిగి, వారము దినము లెండలో నుంచి, వాసన పోయిన పిమ్మట మాకిచ్చెను. పిల్లలు తామై యిట్టి పనికి బూనుకొనరాదు.

ట్యాంకు బల్లపైకి వచ్చినంతనే పిల్లలు స్కేళ్లు దీసిరి. పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 21, ఎత్తు 12. హెచ్చవేయగా 7,560 ఘన సెంటీమీటర్లు, అనగా 7.56 లీటర్లు. లెక్క సరియే గాని ట్యాంకు పెట్టెవలె నుండిన గదా! దాని మూలలు గుండ్రన, అడుగు వాలు, ఒక ప్రక్క చక్రమునకు చోటిచ్చుటకై పెద్ద నొక్కు. ఇట్టి వంకర వస్తువునకు స్కేలు పనికిరాదు.

త్రాసు పనికివచ్చును. నీరు కిలోగ్రాము బరువున్నచో నది రమారమి లీటరు. 30 డిగ్రీల వేడిమిలో ఖచ్చితముగా జెప్పవలెనన్న 1.004 లీటర్లు. కిరాణా దుకాణము నుండి కాటా నొకటి యెరువు దెచ్చితిమి. ఖాళీ ట్యాంకు 2 కిలోల 150 గ్రాములు తూగినది. పెట్రోలు పోయు మెడలో, మూతికి కొంత దిగువగా, రంధ్రముగల రేకు పలక యొకటి యుండును. దానివఱకు నీరు పోసి తూచగా 7 కిలోల 430 గ్రాములు. నీరు 5.28 కిలోలు, లీటర్లలో 5.30. పుస్తకము కల్లలాడలేదు!

అంతట ఆగినచో కుఱ్ఱవాడే దోషి యగును. మూతి యంచు వఱకు, మెల్లమెల్లగా, లోనిగాలి బుడగలై వెలికివచ్చుచుండగా పోసితిమి. ఈ పర్యాయము 8 కిలోల 10 గ్రాములు. నీరు 5.86 కిలోలు, అనగా 5.89 లీటర్లు. పుస్తకమందలి సంఖ్యకు పైన అర లీటరుకు మించిన చోటు ట్యాంకులో నున్నదన్న మాట. దానిని తయారుచేసినవారు పొరపాటున విడువలేదు. పలకను మించి పోయవలదని ఆ పుస్తకమే మఱియొక పుటలో హెచ్చరించుచున్నది. ఆ పుటను మేమంతవఱకు చదువలేదు.

ఆ ఖాళీ యేల? పెట్రోలు వేడికి మిక్కిలి వ్యాకోచించును. ఒక్క డిగ్రీకి వెయ్యింట రమారమి ఒక వంతు. భూమిలోపలి తొట్టి నుండి చల్లగా వచ్చిన 5 లీటర్లు రోహిణికార్తె యెండలో నిలిపిన బండిలో 20 డిగ్రీలు వేడెక్కినచో 95 మిల్లీలీటర్లు పెరుగును. అది చిన్న టీ గ్లాసెడు. ట్యాంకు మూతివఱకు నిండియున్నచో ఆ గ్లాసెడు పెట్రోలు ఎక్కడికి పోవలెను? మూతి సందున కారి, వేడెక్కిన యింజను ప్రక్కన బడును. ఇటీవలి బండ్లలో ఆవిరిని బట్టి యుంచుటకు బొగ్గుగింజల డబ్బీ యొకటి యమర్చుచున్నారు. దానిలోనికి ద్రవమే చొరబడినచో అది చెడును.

మఱి ఆ సాయంకాలము పలకను దాటి పోసినదెవరు? బంకు గొట్టపు కొనయందు సన్నని రంధ్రముండును. పెట్రోలు పైకి వచ్చి దానిని మూసినంతనే లోనికి గాలి యాడక మీట తనంతట పడిపోవును. అట్లు మీట పడినప్పుడు కుఱ్ఱవాడు చేయి దీసినాడు. "ఇంకా పడుతుంది, నిండా పొయ్యి" అని చెప్పినవారము మేమే. జ్ఞాపకము చేసికొనగా నదియు స్పష్టముగా స్ఫురించినది.

చివరకు నీటిని తొలగించితిమి. పెట్రోలు వెలికిపోవు గొట్టము ట్యాంకు అడుగునకు సరిగా అంటియుండదు. అడుగున చేరు మడ్డియు తేమయు ఇంజనులోనికి బోకుండుటకై కొంచెము ఎత్తుగా నుండును. ధార యాగిన పిమ్మట ట్యాంకు 2 కిలోల 330 గ్రాములు తూగెను. కాగా 180 మిల్లీలీటర్లు ఎన్నటికిని వెలికిరానివి. బండి నడుపుటకు దక్కునది 5.3 కాదు, 5.12 లీటర్లు.

ఇప్పుడు చీటీని మరల చూడుడు. మూతివఱకు 5.89 పట్టు ట్యాంకులో 5.62 పోసిరి. కనుక బంకు చేరునప్పటికి లోపల నున్నది 0.27 లీటరు. అందు వెలికిరాని 0.18 పోగా 0.09. మా బండి లీటరుకు 45 కిలోమీటర్లు నడచునది. మఱి నాలుగు కిలోమీటర్లలో నడిరోడ్డున నిలువవలసినవారము! మేము మోసపోలేదు, గండము గడచి వచ్చితిమి.

ముల్లును నమ్మరాదా యని పిల్లలడిగిరి. లోపల చిన్న తేలుడు బిళ్ల పెట్రోలుపై దేలుచు కడ్డీని పైకి క్రిందికి కదల్చును. దానినిబట్టి ముల్లు కదలును. బిళ్ల పైకప్పున కానినప్పుడును, అడుగున కూలబడినప్పుడును ముల్లు మాటలాడదు. 1972లో వెలువడిన బజాజ్ చేతక్ వంటి పాతబండ్లలో దీనికి చక్కని యుపాయ ముండెడిది. ట్యాంకులో నొకటి ఎత్తు, ఒకటి పొట్టి, రెండు గొట్టములు. ఎత్తైనదానికి పెట్రోలు అందక బండి తడబడగానే, కాలిప్రక్క కాక్‌ను రిజర్వువైపు త్రిప్పినచో పొట్టిగొట్టము మిగిలినదానిని అందించును. ఆ త్రిప్పుట నెఱుగని తండ్రులు మా పాఠకులలో తక్కువగా నుందురు.

ట్యాంకు విప్పలేనివారు చీటీలను దాచుకొనవలెను. ఒకే స్టాండుపై బండిని నిలిపి, మీట పడినంతనే ఆపించి, లీటర్లను కిలోమీటర్లను వ్రాసికొనవలెను. ఏ చీటీయు ట్యాంకు పట్టుదానిని మించజాలదు గనుక, అన్నిటిలో పెద్ద సంఖ్య యెంతో ట్యాంకు కనీస మంత పట్టును. ఎక్కువ యెంత పట్టునో మాత్రము చీటీలు చెప్పవు. మేము పొరబడిన దిచ్చటనే. ఇంజను ఆగువఱకు నడిపి కొలుచువారు కలరు గాని, పెట్రోలు పంపు ట్యాంకులోపలనే యుండు క్రొత్తబండ్లకు అది కూడదు. ఆ పంపును చల్లగా నుంచునది చుట్టునున్న పెట్రోలే.

తూనిక ముగిసిన సాయంకాలమే లెక్క కాగితముతో బంకునకు బోయి, ఫిర్యాదును వెనుకకు దీసికొని, తప్పు మాదని వ్రాసి యిచ్చితిమి. కుఱ్ఱవానిని మరల పనిలోనికి దీసికొనిరి. పోయిన దినముల కూలి మేమిచ్చుకొంటిమి. వాడు మొదట పుచ్చుకొనలేదు, వాని తల్లి పుచ్చుకొన్నది. నాటినుండి మా బండికి మీట పడినంతనే వాడు గొట్టము దీసి, "చాలునా మాస్టారూ?" అని యడుగుచున్నాడు.